పూటకూళ్ల ఇల్లయిన మహలు

విశాఖపట్నం నుంచో, రాజమండ్రి నుంచో సికింద్రాబాదు వెళ్లే బండ్లలో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ అని ఒకటి వుంది. విజయవాడ, గుంటూరు, నల్లగొండల మీదుగా పోతుంది. ఆ బండిలో పదిసార్లు ప్రయాణం చేసిన వారిని కూడా "ఫలక్‌నుమా అంటే ఏమిటండీ?" అని అడిగి చూడండి. "ఏదో వూరి పేరు కాబోలు" అంటారు. వూరు కాదు, అది ఒక ఇల్లు. ఫలక్ అంటే ఆకాశం. నుమా అంటే చూపేది, పోలినది అని అర్థం. ఆకాశంలాంటి ఇల్లు అనుకున్నా సరే, ఆకాశానికి అద్దం పట్టే ఇల్లు అనుకున్నా సరే. హైదరాబాదులో చార్మినారుకు దక్షిణంగా అయిదు కిలోమీటర్ల దూరాన ఒక గుట్ట మీద వుంది. చుట్టుపక్కల పేటకూ, అక్కడి రైలు స్టేషనుకూ, చివరికి మన రైలుబండికీ ఆ ఇంటి పేరే వచ్చింది.

ఈ వారం ఆ ఇంటి సంగతి చెప్పుకుందాం. ఒక పెద్దమనిషి ముచ్చటపడి కట్టుకున్నాడు. కట్టిన కొన్నేళ్లకే అది రాజుగారి విడిదిగా మారింది. ఆ తరువాత అర్ధ శతాబ్దం దాకా తలుపులు బిగించుకు కూర్చుంది. చివరికి డబ్బిచ్చి బస చేసే హోటలైంది. మన పాత తెలుగులో చెప్పాలంటే పూటకూళ్ల ఇల్లు! మహలుకు ఆ మాట వాడితే చిన్నతనమని ఎవరైనా అనుకోవచ్చు. కథంతా విన్నాక, ఆ ఇంటికి అంతకంటె మంచి గతి మరేదైనా వుండేదా అని మీరే ఆలోచించండి.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ సామెత నిజం తెలియడానికి మనవంటి వాళ్లకు మూడు గదుల డాబా చాలు. నవాబుగారికి మాత్రం ముప్ఫై రెండెకరాల మహలు కావలసివచ్చింది. ఆయన పేరు నవాబ్ సర్ వికారుల్ ఉమ్రా. హైదరాబాదు సంస్థానంలో నిజాం తరువాత అంతటి వారనిపించుకున్న పాయిగా వంశీకుడు. సొంత జాగీర్లు, సొంత సైన్యమూ వున్న కుటుంబం అది. నిజాం ఇంటి ఆడపడుచులు ఆ ఇంటికి కోడళ్లుగా వచ్చేవారు. వికారుల్ ఉమ్రా భార్య కూడా ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు సోదరే. అంటే నిజాం ప్రభువు ఈయనకు బావమరిది. 1893 నుంచి 1901 వరకు ఈయన సంస్థానానికి ప్రధానమంత్రిగా కూడా పనిచేశాడు.

మహలుకు శంకుస్థాపన 1884 మార్చి 3వ తేదీన జరిగింది. గుట్ట పేరు కోహితూర్. మూసా ప్రవక్తకు దైవసాక్షాత్కారమైన తూర్ పర్వతం పేరు దానికి పెట్టుకున్నారు. నక్షా గీసినవాడు విలియం వార్డ్ మారెట్ అనే ఇంగ్లీషు శిల్పి. కట్టడమూ, గదుల అలంకరణా అంతా ముగియడానికి తొమ్మిదేళ్లు పట్టింది. అయితే నవాబుగారు అంతదాకా ఆగలేకపోయారు. 1890 డిసెంబరులోనే వెనకవైపున వున్న గోల్ బంగళాలోకీ, జనానా మహలులోకీ కాపురం మార్చేసి, ముందు భాగం పనులు దగ్గరుండి చేయించుకున్నారు. ఒక పక్క గదిలో పాలు పొంగించుకుని, రెండో పక్క తాపీవాళ్లతో తంటాలు పడటం మనకూ అలవాటైన సంగతే కదా! నవాబైనా, గుమాస్తా అయినా సొంత ఇంటి ఆత్రం ఒక్కటే.

ఇక ఇంటి తీరు చూద్దాం. పై నుంచి చూస్తే మహలు తేలు ఆకారంలో వుంటుందని చెబుతారు. ఉత్తరానికి చాచిన రెండు రెక్కలు తేలు చేతులు. నడుమ వున్న ప్రధాన భవనం దాని ఒళ్లు. వెనక్కు దక్షిణంగా సాగిన వంటశాలలు, గోల్ బంగళా, జనానా, పరివారం వుండే గదులు తోక. పోలిక తమాషాగా వున్నా ఇందులో ఇంటి ఏర్పాటు తెలిసిపోతుంది. మన కోస్తా జిల్లాల మండువా లోగిలి తీసుకోండి. వీధి అరుగు, సావడి మగవారి రాకపోకలకు. మండువా, వంటిల్లు, పెరడు ఆడవారి రాజ్యం. బయటి మనిషి ఎంతవరకు రావచ్చో ఆ గడపలే చెబుతాయి. ఫలక్‌నుమాలోనూ అదే పద్ధతి. ముందున్నది మర్దానా, అంటే మగవారి భాగం. దర్బారు, విందులు, పుస్తకాలు, ఆటలు అన్నీ అక్కడ. వెనకవున్నది జనానా.

అయితే పైతొడుగు మాత్రం పూర్తిగా దొరల దేశానిది. ఇటలీలో 16వ శతాబ్దంలో పల్లాడియో అనే శిల్పి వుండేవాడు. పాతకాలపు రోము దేవాలయాలకు వుండే స్తంభాల వరసను తెచ్చి మామూలు ఇళ్ల ముఖానికి పెట్టినవాడు ఆయన. నడిమధ్య గీత గీస్తే కుడి ఎడమలు అచ్చు ఒకలాగే వుండాలన్నది ఆయన పద్ధతి. ఆ పద్ధతి ఇంగ్లండు ప్రభువుల ఇళ్లకు పాకి, అక్కడి నుంచి ఓడెక్కి మన దేశం వచ్చింది. ఫలక్‌నుమా ముఖం దాని ప్రకారం కట్టిందే. రెండంతస్తుల స్తంభాలు, వాటి వెనుక పొడుగాటి వరండా, ఎదురుగా పాలరాతి మెట్లు. కిటికీలకు రంగు అద్దాలు పొదిగారు. వెలుగు వాటిలోంచి నేల మీద పడినప్పుడు గది రంగులమయమవుతుంది. బయట దొరల ఇల్లు, లోపల నవాబుల గడప: ఈ ఇంటి అందమంతా ఆ కలగలుపులోనే వుంది.

గుమ్మంలోకి అడుగుపెట్టగానే పాలరాతి ఫౌంటెను, పైన చిత్రాలు రాసిన కప్పు కనిపిస్తాయి. అక్కడి నుంచి పై అంతస్తుకు పెద్ద మెట్లదారి. దాని కమ్మీలు పాలరాతిలో చెక్కినవే. దారి పొడుగునా దీపాలు పట్టుకుని నిలబడిన పాలరాతి బొమ్మలు. గోడకు వరసగా గవర్నరు జనరళ్ల, వైస్రాయిల చిత్రపటాలు వున్నాయి. ఎవరి కోసం కట్టిన మెట్లో ఆ పటాలు చూస్తేనే తెలుస్తుంది. అప్పట్లో హైదరాబాదు ప్రభువులు స్వతంత్రులే అన్నా, వారి మాటకు పైమాట ఇంగ్లీషు రెసిడెంటుది. అటువంటి రోజులలో దొరలు ఇంటికి వచ్చి ఆశ్చర్యపోవడం కూడా రాజకీయంలో ఒక ఎత్తే!

పుస్తకాల గది ఒకటి వుంది. దాని కప్పు చెక్కడపు పనితనం ఇంగ్లండులోని విండ్సర్ కోటలోని కప్పును పోలి వుంటుందని చెబుతారు. వేలకొద్దీ పుస్తకాలు అక్కడ చేరాయి. వాటిలో ఖురాను ప్రతులు కూడా ఎన్నదగినవి. బిలియర్డ్సు గదిలోని బల్ల ఇంగ్లండులోని బరోస్ అండ్ వాట్స్ కంపెనీ వారిది. నృత్యశాలలో రెండు టన్నుల బరువున్న ఆర్గన్ వాయిద్యం వుంది. మహలంతటా వేలాడే గాజు షాండిలియర్లలో పెద్దవాటికి ఒక్కొక్కదానికి 138 చేతులున్నాయట. "అంతంత దీపాలు తుడిచేదెవరమ్మా?" అని మన ఆడవాళ్లకు వెంటనే వచ్చే సందేహం. సందేహం సబబైనదే. ఆ సంగతి తరువాత చూద్దాం.

అన్నింటికంటె పేరుపడినది భోజనాల గది. అక్కడి బల్ల పొడవు 108 అడుగులు. ఒకేసారి 101 మంది కూర్చుని తినవచ్చు. దాన్ని ఏడు ముక్కలుగా చేసి అతికారు. లెక్క వేసి చూశాను: రెండు వైపులా కూర్చుంటే మనిషికి రెండడుగుల కంటె కొంచెం ఎక్కువ చోటు. పెళ్లి పందిట్లో మన బంతి భోజనాలకు విస్తరి విస్తరికీ మధ్య దొరికే చోటు కంటె మరీ ఎక్కువేమీ కాదు! తేడా అల్లా ఏమిటంటే అక్కడ కుర్చీలు ఆకుపచ్చని తోలు తొడిగిన రోజ్‌వుడ్ కర్రవి. పళ్లేలకు బంగారు పూత. ఆ గది కట్టడంలో మరో చమత్కారం చెబుతారు. బల్ల ఈ చివర మెల్లగా మాట్లాడితే ఆ చివర వారికి వినిపిస్తుందట. కాబట్టి పప్పులో ఉప్పు తక్కువైందని పక్కవాడి చెవిలో వేసే వీలు అక్కడ లేదు.

ఇంటి కప్పుల మీద, గోడల మీద, సామాను మీద వి.ఓ. అని రెండు ఇంగ్లీషు అక్షరాలు అల్లి వుంటాయి. ఉమ్రా అన్న మాటను అప్పట్లో ఓ అక్షరంతో రాసేవారు; వికారుల్ ఉమ్రా అన్న పేరుకు అవి పొడి అక్షరాలు. గిన్నెల మీద పేరు కొట్టించుకునే అలవాటు మనకూ వుంది. పెళ్లిలో ఇచ్చిన ఇత్తడి బిందె మీద మామ్మగారి పేరు ఇంకా చెరగకుండా వుంటుంది. బిందె మాత్రం ఎన్ని ఇళ్లు మారిందో! ఫలక్‌నుమా విషయంలో జరిగింది అదే.

కట్టడానికి నలభై లక్షల రూపాయలైందని చెబుతారు. ఆ కాలంలో నలభై లక్షలు! పాయిగా నవాబుకైనా ఆ ఖర్చు తలకు మించినదే అయింది. అప్పులు పెరిగాయి. అప్పుడు దారి చూపినది ఆయన ఇల్లాలేనని హైదరాబాదులో కథగా చెప్పుకుంటారు. తమ్ముడైన నిజాం ప్రభువును మహలుకు విందుకు పిలవండి, ఆయనకు నచ్చితే నజరానాగా సమర్పించండి అన్నదట ఆ మహాతల్లి. ఏలినవారు ఒక వస్తువును మెచ్చుకుంటే దాన్ని సమర్పించడం ఆ దర్బారు మర్యాద. మర్యాదకు బదులు మర్యాద చేయడం ఏలినవారి వంతు. మహబూబ్ అలీ ఖాన్ వచ్చాడు, వుండిపోయాడు. వారం అన్న బస పొడిగి పొడిగి నెలయిందట. నవాబు మహలు సమర్పించాడు. నిజాం పుచ్చుకుని, అందుకు సొమ్ము ముట్టజెప్పాడు. ఇది 1897–98 ప్రాంతపు మాట.

కథలో అతిశయోక్తి ఎంత వున్నా, చేతులు మారడం మాత్రం నిజం. 1890లో కాపురం పెట్టిన మనిషి ఏడెనిమిదేళ్లకే ఇల్లు వదిలి వెళ్లాడు. పూర్తయిన ఇంట్లో ఆయన వున్నది నిండా అయిదేళ్లు కూడా కాదు. ఆ తరువాత ఆయన బేగంపేటలో మరో మహలు కట్టించుకున్నాడు. అది పాయిగా ప్యాలెస్. చాలాకాలం తరువాత 2008 నుంచి 2023 వరకు అందులోనే అమెరికా కాన్సులేటు వుండేది. మన పిల్లలు వీసా కోసం తెల్లవారకుండా వెళ్లి వరసలో నిలబడ్డది ఆ ఇంటి ముందే! బేగంపేటలోనే స్పెయిను దేశపు ఫక్కీలో ఒక మసీదు కట్టించడం కూడా మొదలుపెట్టాడు. స్పానిష్ మసీదు అని ఈనాటికీ పిలిచేది దాన్నే. అది 1906లో ముగిసింది. ఆయన 1902లోనే పోయాడు. కట్టడం మీద అంత మక్కువ వున్న మనిషికి, కట్టినవాటిలో నిదానంగా కూర్చునే యోగం మాత్రం రాసిపెట్టి లేదు.

మరి నిజాంగారైనా అక్కడ కాపురం వున్నారా అంటే, అదీ అంతంత మాత్రమే. ఫలక్‌నుమా ప్రభువుల అతిథిగృహమైంది. రాజా దీన్‌దయాళ్ తీసిన ఫోటోలలో ఆనాటి గదులు, సామాను, పరదాలు ఇప్పటికీ చూడవచ్చు. 1906లో, తరువాత అయిదవ జార్జి చక్రవర్తి అయిన వేల్సు యువరాజు వచ్చి బస చేశాడు. 1922లో ఆయన కొడుకు ఎడ్వర్డు వచ్చాడు. వైస్రాయిలు వచ్చారు, వారి పరివారాలు వచ్చాయి. మహబూబ్ అలీ ఖాన్ కన్ను మూసినది కూడా ఈ ఇంట్లోనే, 1911 ఆగస్టు 29న. ఆయన కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ ప్రపంచంలో కెల్లా ధనవంతుడని పేరు పొందినా, పొదుపు మనిషి. కింగ్ కోఠీలో నిరాడంబరంగా కాలక్షేపం చేశాడు. గుట్ట మీది మహలు ఆయనకు వచ్చినవారిని దించడానికి పనికివచ్చిందంతే.

అంటే ఒక విషయం గమనించండి. ఈ ఇల్లు హోటలయింది 2010లో అంటున్నాం గాని, పుట్టిన నాటి నుంచి ఇది చేసిన పని అతిథులకు ఆతిథ్యమివ్వడమే. పిల్లలు పుట్టి, పెరిగి, దెబ్బలాడుకుని, ముసలివారై గడిచిన కాపురం ఈ గోడలు ఎక్కువగా చూడలేదు. తెల్లవారుతూనే సామాను దింపడం, సాయంత్రం విందు, రెండు రోజులకు వీడ్కోలు: ఇదే చూశాయి. తేడా అల్లా లెక్కల్లో వుంది. అప్పుడు అతిథుల ఖర్చు నిజాం ఖజానా భరించేది. ఖజానా అంటే రైతు కట్టిన శిస్తే. ఇప్పుడు దిగినవారు ఎవరి ఖర్చు వారు భరిస్తున్నారు. ఆ మాటకు వస్తే, పూటకూళ్ల పద్ధతిలోనే న్యాయం కాస్త ఎక్కువగా వుందనాలి!

1948 సెప్టెంబరులో సంస్థానం భారతదేశంలో కలిసింది. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్‌గారు వచ్చి ఫలక్‌నుమాలో బస చేశారు. పాతకాలపు మర్యాదలతో అక్కడ దిగిన పెద్ద అతిథులలో ఆయనే ఆఖరివారని చెబుతారు. తరువాత తలుపులు మూసుకున్నాయి. 1967లో ఏడవ నిజాం గతించాడు. ఆస్తి మనుమడు ముకర్రం జా చేతికి వచ్చింది. ఆస్తితో పాటు వందలాది వారసులు, వేలాది నౌకర్లు, కోర్టు తగాదాలు కూడా వచ్చాయి. 1971లో రాజభరణాలు రద్దయ్యాయి. ఆయన ఆస్ట్రేలియా వెళ్లి గొర్రెల క్షేత్రం కొనుక్కున్నాడు. మహలు మాత్రం కదలలేదు గదా! గుట్ట మీద తాళాలతో నిలబడింది.

తాళం వేసిన ఇంటికి ఏమవుతుందో మనలో చాలామందికి తెలుసు. మొదట కప్పులో ఎక్కడో చిన్న కారుడు. ఎవరూ చూడరు. రెండు వానాకాలాలకు ఆ తడి గోడలోకి దిగుతుంది. సున్నపు గార వుబ్బి రాలుతుంది. గాలి ఆడని గదిలో పరదాలు, పుస్తకాలు, కుర్చీ తోళ్లు బూజు పడతాయి. కర్రకు చెద పడుతుంది. గాలిగొట్టాల్లో పావురాలు కాపురం పెడతాయి. మనుషులు తిరిగే ఇంట్లో ఏ పూటకాపూట ఎవరో ఒకరు చూసి సర్దుకునే చిన్న చిన్న లోపాలే, మనుషులు లేని ఇంట్లో ఇంటిని కూల్చేస్తాయి. పాత ఇల్లు వయసు వల్ల పడిపోతుందనుకుంటాం. ఎక్కువగా పడగొట్టేది తాళమే.

ఫలక్‌నుమా తాళం మళ్లీ తీయించింది ఒక ఆడమనిషి. టర్కీ దేశపు ఆడపడుచు ఎస్రా. ముకర్రం జాను 1959లో పెళ్లాడింది. తరువాత విడిపోయారు. విడిపోయిన తరువాత కూడా, ఆయన ఆస్తి చిక్కులలో వున్న కాలంలో తిరిగి వచ్చి, పాడుబడిన మహళ్ల బాగుచేత భుజాన వేసుకుంది. మహలును తాజ్ హోటళ్ల వారికి కౌలుకు ఇచ్చారు. 2000 ప్రాంతంలో మొదలైన మరమ్మతు పదేళ్లు సాగింది. తొమ్మిదేళ్లలో కట్టిన ఇంటిని బాగుచేయడానికి పదేళ్లు! ఇది విడ్డూరంగా తోచవచ్చు గాని, పాత ఇల్లు బాగుచేయించిన వారెవరికీ విడ్డూరం కాదు. కొత్తది కట్టేటప్పుడు పని ముందుకు పోతుంది. పాతదానిలో ముందు వెనక్కు పోవాలి: ఏ పొర ఎప్పటిది, ఏ రంగు అసలుది, ఏది తీయవచ్చు, ఏది తీయకూడదు అని తేల్చుకోవాలి. సున్నం గోడకు సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి రాలేక గోడే చెడుతుంది; కాబట్టి సున్నం పని తెలిసినవాళ్లే కావాలి.

ఇంటిని హోటలు చేయడంలో వుండే చిక్కులు వేరు. పాత మహలులో గదికో స్నానాలగది వుండదు. నీళ్లు మోసే మనుషులుండేవారు గనుక గొట్టాల అవసరం లేదు. ఇప్పుడు ప్రతి అతిథికీ వేణ్నీళ్లు, చన్నీళ్లు, చల్లగాలి, దీపాలు, టెలిఫోను కావాలి. ఆ తీగలూ గొట్టాలూ చెక్కిన గోడల మీద, చిత్రాలు రాసిన కప్పుల మీద కనపడరాదు. అందుచేత ఫలక్‌నుమాలో ముందుభాగపు దర్బారు గదులు, పుస్తకాల గది, భోజనశాల చూడటానికీ, విందులకూ వుంచేశారు. పడక గదులు చాలావరకు వెనుక భాగాలలో ఏర్పరచారు. మొత్తం అరవై గదులు. 2010 నవంబరులో హోటలు తెరిచారు. ఒకనాడు నవాబు ముందుగా కాపురం పెట్టిన గోల్ బంగళాలో ఇప్పుడు భోజనాలు వడ్డిస్తున్నారు. ఇందాకటి 138 చేతుల దీపాల సందేహానికి జవాబు కూడా దొరికింది: తుడిచేవాళ్లకు నెల నెలా జీతం ఇచ్చే పద్ధతి ఏర్పడితే దీపాలు తళతళలాడతాయి, లేకుంటే ఆరిపోతాయి!

2017 నవంబరు 28న 101 మంది కూర్చునే ఆ బల్ల దగ్గరే ప్రధానమంత్రి మోదీగారు, అమెరికా నుంచి వచ్చిన ఇవాంకా ట్రంపుకూ తక్కిన ప్రతినిధులకూ విందు ఇచ్చారు. ఆ మర్నాడు పత్రికలన్నిటా ఆ గది ఫోటోలే. వేల్సు యువరాజు దిగిన ఇంట్లో నూరేళ్ల తరువాత కూడా అదే రకం పని జరుగుతూ వుంది.

ఇంతవరకు బాగానే వుంది. మరి మనబోటి వాళ్ల మాట? ఒక్క రాత్రికి పదుల వేల రూపాయలు పెట్టగలిగినవారికే అక్కడ పడక. తేనీటికో, భోజనానికో ముందుగా చోటు చెప్పుకున్నవారు లోపలికి పోవచ్చు. దానికీ చేతిలో పైకం ఆడాలి. గుట్ట కింద పేటలో పుట్టి పెరిగి, ఆ ఇంటి పేరే తన పేటకు పెట్టుకున్న మనిషి దాని మెట్లు చూడకుండానే జీవితం గడిపేయవచ్చు. "మా వూరి ఇల్లు, మేం చూడకూడదా?" అని అతను అడిగితే తప్పుపట్టలేము. నవాబుల రోజుల్లోనూ చూడలేదు, ఇప్పుడూ చూడటం లేదు అంటే, అది సమాధానం కాదు.

అయితే ఇదే హైదరాబాదులో తక్కిన ఇళ్ల గతి ఏమైందో కూడా పక్కన పెట్టి చూడాలి. అదే ఎస్రా చేతి మీదుగా బాగుపడిన చౌమహల్లా మహలు టిక్కెట్టు కొన్న ప్రతివాడూ చూసే ప్రదర్శనశాల అయింది. కుటుంబంతో వెళ్లి పూటంతా తిరిగిరావచ్చు. 2010లో దానికి యునెస్కో వారి బహుమానం కూడా వచ్చింది. కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ 1949లో ఆడపిల్లల కళాశాల అయింది. దొరల దర్బారు మెట్ల మీద తరతరాల అమ్మాయిలు పుస్తకాలు పట్టుకు తిరిగారు. ఇర్రం మంజిల్‌ను పడగొట్టి అసెంబ్లీ కట్టాలని ప్రభుత్వం సంకల్పిస్తే, 2019 సెప్టెంబరులో హైకోర్టు కాదన్నది. ఆ ఇల్లు నిలిచింది. బషీర్‌బాగ్‌కు అంత అదృష్టం పట్టలేదు. అది వికారుల్ ఉమ్రా వంశంవాడే అయిన అస్మాన్ జా మహలు. ఈనాడు బస్సు కండక్టరు "బషీర్‌బాగ్!" అని అరిస్తే దిగేవారికి అక్కడ ఒక మహలుండేదన్న వూహే రాదు. పేరు మిగిలింది, ఇల్లు పోయింది.

వీటిని వరసగా పెట్టి చూస్తే నాకు తోచేది ఇది. ప్రదర్శనశాల కావడం మేలు, కళాశాల కావడం మేలు. వాటికి పెట్టుబడి పెట్టే దొడ్డ చేయి, ఏటేటా ఖర్చు భరించే సంస్థ కావాలి. అది దొరకనప్పుడు హోటలు కావడం తప్పేమీ కాదు. బస్తీ నడుమ పేరు మాత్రమే మిగలడం కంటె అది వెయ్యి రెట్లు నయం. కాని హోటలువారు ఇంటిని నిలబెట్టుకున్నామన్న తృప్తితో సరిపెట్టుకోకుండా, ఏడాదిలో కొన్ని రోజులైనా చుట్టుపక్కల బడిపిల్లలకు తలుపు తీస్తే, ఆ ఇల్లు వూరిది కూడా అవుతుంది. ముప్ఫై రెండెకరాల మహలులో ఆ పాటి చోటు దొరకకపోదు.

నవాబుల సంగతి మనకెందుకు అనుకుంటున్నారా? మన సంగతి కూడా ఇదే గనుక చెప్పాను. మీ వూళ్లో తాతగారు కట్టించిన పెంకుటిల్లు ఒకటి వుండే వుంటుంది. నలుగురన్నదమ్ములది వుమ్మడి ఆస్తి. ఒకరు బొంబాయిలో, ఒకరు బెంగుళూరులో, ఒకరి పిల్లలు అమెరికాలో. తాళంచెవి పక్కింటి పిన్నిగారి దగ్గర. సంక్రాంతికి వెళ్లాలనుకుంటారు, వీలుపడదు. అమ్ముదామంటే నలుగురి మనసు ఒకటి కాదు. బాగుచేయిద్దామంటే ఎవరి వంతు ఎంతో తేలదు. తేలే లోపల మండువా మూల నాలుగు పెంకులు జారుతాయి. ఆఖరికి ఒక వ్యాపారి వచ్చి దూలాలకూ, గుమ్మాలకూ, స్తంభాలకూ వెల కడతాడు. తాతగారి టేకు గుమ్మం ఏ పట్నపు హోటలులోనో అలంకారానికి నిలబడుతుంది. ఇల్లు హోటలు కావలసింది పోయి, గుమ్మం ఒక్కటీ హోటలు చేరుతుందన్న మాట!

అంతదాకా రానివ్వకండి. ఈ ఏడు వానలకు ముందే పెంకులు సర్దించండి. దానికయ్యే ఖర్చు నలుగురూ పంచుకుంటే పెళ్లి కానుకలకు పెట్టే డబ్బంత కాదు. వాటాల తగాదా తేలేవరకు ఆగకుండా ఎవరినైనా ఇంట్లో దించండి. వూరి బడి మాస్టారు గారికి అద్దె లేకుండా ఇచ్చినా నష్టం లేదు. వీధి అరుగు మీద గ్రంథాలయం పెట్టనివ్వండి. గోదావరి తీరమో, పుణ్యక్షేత్రమో దగ్గరుంటే, వచ్చేపోయే యాత్రికులకు రెండు గదులు అద్దెకు ఇచ్చి వంటమనిషిని పెట్టండి. తాతగారి ఇంట్లో పూటకూళ్లా అని ఎవరైనా మూతి విరిస్తే, నిజాం ప్రభువు కన్నుమూసిన ఇంట్లోనే ఈనాడు గదులు అద్దెకిస్తున్నారని చెప్పండి. పొయ్యి వెలిగితే పొగ కప్పులోకి పోతుంది, చెద చేరదు. మనుషులు తిరిగితే తలుపు బిగుసుకోదు.

వికారుల్ ఉమ్రా మహలులో వుండలేకపోయాడు. అయినా ఆయన పేరు పొడి అక్షరాలు ఆ కప్పు మీద ఇంకా మెరుస్తున్నాయి. ఆ కింద ఎవరో ఒకరు ప్రతి రాత్రీ దీపం పెడుతున్నారు గనుక.